శిగం అనుకున్న నిద్ర

నాకు హిప్నాటిజంతో వైద్యం జరిగిందని తెలిసినవాళ్లు ముందు అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి, ఒకటే అడుగుతారు. "ఆ నిద్రలో ఏమేం చెప్పేశావు?" నా కడుపులో ఏవో మూటలు దాచుకున్నట్టు, ఎవరో వాటి ముడి విప్పినట్టు. మొదట్లో వాళ్ల మీద ఒంటికాలి మీద లేచేదాన్ని. ఇప్పుడూ లేస్తాను గానీ, అరవడానికి గొంతు ఉంది కాబట్టి కోపం తొందరగానే చల్లారుతోంది. గొంతు లేని రోజుల్లో అది చల్లారేది కాదు. లోపలే పొగబెట్టినట్టు ఉండేది.

నాలాగే మాట పోయి, గొంతులో ఏ జబ్బూ లేదని చెప్పించుకుని, ఏం చేయాలో తెలియక తిరిగేవాళ్లు ఎక్కడో ఉంటారు. వాళ్ల వెంట తిరిగే తల్లులు, అత్తలు ఉంటారు. చదువు రానివాళ్లు ఎవరితోనైనా చదివించుకుని వింటారని రాస్తున్నాను. రాస్తే నాకూ కొంచెం నిమ్మళంగా ఉంటుంది.

పందొమ్మిది వందల అరవై నాలుగు, ఆషాఢం

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో, చాదర్‌ఘాట్ దగ్గర. మెట్రిక్ అయ్యాక టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. పాలమూరు ఎక్స్ఛేంజీలో వేశారు. అక్కడ మా నాయినకు అక్క, మా మేనత్త బాలమ్మ ఉంది కాబట్టి అమ్మ పంపడానికి ఒప్పుకుంది. అత్తది గొర్రెలు కాసుకునే ఇల్లు. మామ ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, యాదయ్య బావ.

పొద్దున లేచింది మొదలు నాకు ఫోనే లోకం. డ్యూటీలో తలకు ఇయర్‌ఫోను తగిలించుకుని, తీగలు ఈ రంధ్రంలోంచి తీసి ఆ రంధ్రంలో గుచ్చుతూ, ఊరి మాటలన్నీ నా చేతుల మీదుగా పంపేదాన్ని. డ్యూటీ అయ్యాక కూడా సూపర్‌వైజర్ గారు లేని సమయం చూసి ఆయన బల్ల మీది ఫోను అందుకుని, నల్లగొండ ఆపరేటరు సుగుణతో కబుర్లు పెట్టేదాన్ని. సుగుణ మొహం నేను చూసింది లేదు. లైన్లో పరిచయం, లైన్లోనే స్నేహం. ఎప్పుడైనా అత్త అన్నం తెచ్చి ఎక్స్ఛేంజీ గడపలో నిలబడితే నా చేతిలో ఫోనే కనిపించేది.

"గా పోను నీ చేతికి మొలిచిందానే, సత్తెమ్మా?" అనేది.

"సత్తెమ్మ కాదు, సత్యవతి," అని నేను.

"హలో సత్యవతీ," అని వెనక నుంచి బావ వెక్కిరించేవాడు. ఇంట్లో మా ఇద్దరికీ ఒక్క పూట పడేది కాదు. నేను వచ్చిన మొదటివారమే పట్నంపిల్లకు గొర్రెకూ మేకకూ తేడా తెలియదని ఊరంతా చెప్పుకొచ్చాడు. నేను అతనితో మూతి ముడుచుకోని రోజులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ ఏడాది గొర్రెలకు రోగం తగిలి మంద దాదాపు అంతా పోయింది. మృగశిర దాటినా వాన పడలేదు. పాలమూరు మనుషులు కూలికి పోయే దారినే బావ కూడా ఒక మేస్త్రి వెంట నాగార్జునసాగర్ కట్ట పనికి పోయాడు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు పోయాడు. ఇంటికి వచ్చేసరికి గడపలో అతని చెప్పులు లేవు. కొన్నాళ్లు అటునుంచి వచ్చినవాళ్లు "మంచిగున్నడు" అని చెప్పారు. తర్వాత ఆ మేస్త్రి మనుషులను ఇంకెక్కడికో తీసుకుపోయాడన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఏ కబురూ రాలేదు.

ఆ వెనకే నాకు జ్వరం వచ్చింది. పడిశం, దగ్గు, ఒళ్లునొప్పులు, అందరికీ వచ్చేదే. జ్వరం తగ్గి డ్యూటీకి పోయాను. తీగలు గుచ్చే బోర్డు మీద ఒక నంబరు మూత టక్కున పడింది, ఎవరో ఫోను ఎత్తారని గుర్తు. తీగ గుచ్చి, "నంబర్ ప్లీజ్" అన్నాను. గాలి వచ్చింది. మళ్లీ అన్నాను. గాలే.

అవతల జడ్చర్ల పల్లీల వ్యాపారి. "హలో, హలో. ఎవరమ్మా? పండుకున్నవా ఏంది?"

వెనక నుంచి సూపర్‌వైజర్ గారు వచ్చారు. ఆయనది గుంటూరు వైపు. "ఏవిటమ్మాయ్, పెదాలు ఆడుతున్నాయి గానీ మాట రావట్లేదే? సరేలే, జలుబు. రెండ్రోజులు ఆ చీటీలు సర్దుతూ కూర్చో," అన్నారు. మంచివాడే. ఆ రెండ్రోజులు రెండు వారాలయ్యాక ఆయనే నన్ను పక్కకు పిలిచి, "సెలవు పెట్టు. దీపావళి లోపల గొంతు వస్తే సరేసరి. రాకపోతే పైవాళ్లు నీ జాగాలో ఇంకొకరిని వేస్తారు. నా చేతుల్లో లేదు తల్లీ," అన్నారు.

శ్రావణం

నిజంగా రోగం మొదలైంది జ్వరంతో కాదు, "ఏమీ లేదు" అనే మాటతో.

పాలమూరు దవాఖానలో చూసి ఏమీ లేదన్నారు. నాయిన వచ్చి హైదరాబాదు తీసుకుపోయాడు. అక్కడ పెద్ద దవాఖానలో బల్లల మీద జనం, గోడలకు ఆనుకుని జనం. పిలిచే దాకా కూర్చోవాలి. ఇంతకు ముందు నేను ఎక్కడ కూర్చున్నా పక్కవాళ్లతో పోట్లాటో స్నేహమో ఒకటి పెట్టుకునేదాన్ని. ఇప్పుడు చుట్టూ ఉన్న మాటలన్నీ వింటూ కూర్చున్నాను. ఒకామె ఇంటి కిరాయి గురించి, ఒకాయన కొడుకు పెళ్లి గురించి. మాట్లాడేవాళ్లు ఎంత తేలిగ్గా మాట్లాడుతున్నారో చూసి ఏడుపొచ్చింది. పక్కన బురఖాలో ఒక ముసలామె, మాటకు బదులు రాసి చూపడానికి నేను పట్టుకున్న పలక చూసి, సంగతి అర్థం చేసుకుని, సంచిలోంచి పటికబెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టింది. ఆమెకు షుక్రియా చెప్పలేకపోయాను. చేయి పట్టుకున్నాను. నా పేరు పిలిచేదాకా ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.

లోపల డాక్టరు చిన్న అద్దం గొంతులోకి దించి చూశాడు. స్వరతంత్రులు శుభ్రంగా ఉన్నాయి, పుండు లేదు, గడ్డ లేదు అన్నాడు. నాయిన నన్ను వెంటబెట్టుకుని బయటికి వచ్చాడు. చాదర్‌ఘాట్ వంతెన మీద నడుస్తూ అన్నాడు, "ఏం లేదంటే మరి ఏందిది? నువ్వు కావాలని చేస్తున్నవా?"

చేతిలోని పలకను వంతెన గోడకేసి కొట్టాను. రెండు ముక్కలైంది. పోయేవాళ్లు ఆగి చూశారు. కోపం ఉండి గొంతు లేనివాడికి చేతులే దిక్కు. నాయిన ముక్కలు ఏరి సంచిలో వేసుకున్నాడు. ఇంటికి పోయాక అమ్మతో, "నేను గట్ల అనకపోవాల్సిండె," అన్నాడు. నాతో అనలేదు.

మేం మళ్లీ పోయినప్పుడు ఆ డాక్టరే ఒక సంగతి చెప్పాడు. గొంతు బాగుండి మాట రానివాళ్లకు కొందరు హిప్నాటిజంతో వైద్యం చేస్తారనీ, పాలమూరులోనే రహమాన్ అనే డాక్టరు ఉన్నాడనీ.

నాయిన వినగానే తల అడ్డంగా ఊపాడు. హైదరాబాదులో ఏటా పెట్టే ఎగ్జిబిషన్ ఆయనకు గుర్తొచ్చింది. "నుమాయిష్‌ల చూసిన నేను. టోపీ పెట్టుకున్నోడొకడు పహిల్వాను లాంటి మనిషిని స్టేజి మీదికి పిలిచి, కండ్లల్లకు చూసి, ఉల్లిగడ్డ చేతికిచ్చి సేపుపండు అన్నడు. వాడు కరకర తిన్నడు. కుక్కలెక్క మొరిగిండు. ఆడిపిల్లను గట్లాంటోని ముంగట కూసోబెట్టాల్నా? వాడు లెవ్వమంటె లేస్తది, రమ్మంటె పోతది. నౌకరి పోతే పోనీ."

అమ్మకు ఇంకో భయం. "నిద్రపుచ్చి లేపుడు మర్శిపోతే?"

నాకూ భయంగానే ఉంది. వాళ్ల భయాలన్నీ నావీ. కానీ ఉద్యోగం పోతే పోనీ అని నాయిన అంత తేలిగ్గా అన్నాడే, ఆ మాట నాకు మింగుడుపడలేదు. నాకు కావలసింది జీతం కాదు. మూత పడగానే "నంబర్ ప్లీజ్" అనడం. కర్నూలు, గద్వాల, రాయచూరు అంటూ ఒక దాని వెనక ఒకటి ఊళ్లను పిలవడం. అవతల సుగుణ "పాలమూరా? చెప్పవే" అనడం. నా గొంతు నాకే ఎంత ఇష్టమో అది పోయాకే తెలిసింది. పొద్దున కళ్లు తెరవగానే ముందు "అత్తా" అని పిలిచి చూసుకునేదాన్ని. గాలి. మళ్లీ కళ్లు మూసుకునేదాన్ని.

పాలమూరు తిరిగి వచ్చాను. అత్తకు చదువు రాదు, కొత్త పలక కొన్నా పనికిరాదు. ఆమె ఆలోచించి, చచ్చిపోయిన పొట్టేలు మెడ గంట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "కావాలంటె గిది ఆడియ్యి, నేనొస్త."

నేను గొర్రెనా అన్నట్టు చూశాను.

"గొర్రెవైతే కొనుక్కపోతుండిరి ఎవరన్న," అంది అత్త.

నాయిన నన్ను దిగబెట్టడానికి వచ్చినప్పుడే హిప్నాటిజం సంగతి ఆమెతో చెప్పాడు, ఆమె కూడా వద్దంటుందని. అత్త రోకలి పక్కన పెట్టి విన్నది.

"నిద్రవోయి మాట్లాడుడా?"

"అంతే అక్కా. తెలివి ఉండదంట."

"ఓస్. గది శిగం కదరా తమ్మీ. మనింట్ల శిగం ఊగనోళ్లెవరు? మన అవ్వ ఊగలేదా? పోతరాజు గుడి కాడ మన పెద్దమ్మ ఊగలేదా? డాక్టరు ఏప మండలకు బదులు ఇంకోటేదో పెడ్తడు, గంతే గద."

పట్నంవాళ్ల కోసం చెప్తున్నాను: శిగం అంటే అమ్మవారు ఒంటి మీదికి రావడం. ఎల్లమ్మ వచ్చినామె ఊగుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు పసుపునీళ్లు చల్లి, "ఎవలు తల్లీ నువ్వు, ఏం కావాలె" అని అడుగుతారు. ఆమె పలికితే తప్పిపోయిన మేక జాడ నుంచి పిల్లకు సంబంధం దాకా అడుగుతారు. శిగం దిగాక ఆమెకు ఏదీ గుర్తుండదు. మా వాళ్లకు ఇది దాచుకోవలసిన సంగతి కాదు, భయపడవలసిందీ కాదు.

నాయిన ఇంకా నసుగుతున్నాడు. అత్త కొంగు దోపుకుంది. "నేను పక్కన కూసుంట. ఎల్లమ్మ ఎదురొస్తే మాట్లాడేది నేను, నువ్వు కాదు. పో, ఫికర్ చేయకు."

ఆమె అంత సులువుగా ఎందుకు ఒప్పుకుందో ఆ రోజు నాకు అర్థం కాలేదు. గొంతు లేదు కాబట్టి అడగలేదు.

బతుకమ్మ ముందు

రహమాన్ డాక్టరు గది దవాఖాన వెనక వరండాలో ఉండేది. బయట పొడుగాటి బల్ల. దాని మీద మేం చాలా పొద్దులు కూర్చున్నాం. ఎదురుగా ఆడవాళ్లు తంగేడు పూలు కట్టలు కట్టుకుని పోతుంటే అత్త వాళ్లను చూసి, "ఈ యేడు నీతోని ఒక పాట గూడ పాడియ్యకపోతి," అనేది.

నేను టోపీ మనిషిని ఊహించుకున్నాను. లోపల ఉన్నది బక్కపలచని ముసలాయన. ఉబ్బసం. ఆయనే ఊపిరి కోసం ఆగి ఆగి మాట్లాడేవాడు.

"బేటీ, జర దగ్గు."

దగ్గాను.

"ఇంకోసారి. అమ్మా, నువ్వు విన్నవా?" అని అత్తను అడిగాడు. "దగ్గుల గొంతుంది. గొంతు ఇల్లిడిసి పోలే. తలుపేసుకుని లోపల కూసుంది. తలుపు పగలగొట్టేటోన్ని కాదు నేను. బయట నిలబడి పిలుస్త, గంతే."

దగ్గులో గొంతు ఉందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అవును, ఉంది. పొడిగా, కరుకుగా, నాదే. అంత దగ్గరలో ఉండి నాకు అందకుండా ఉంది. ఆ రోజు ఇంటికి పోయి, ఎవరూ లేనప్పుడు, ఊరికే దగ్గుతూ కూర్చున్నాను.

కొత్త పలక కొని, నా భయాలన్నీ దాని మీద రాసి ఆయన ముందు పెట్టాను. మీ కళ్లలోకి చూడాలా?

"నా కండ్లల్ల ఏముంది? మోతిబిందు వస్తాంది, పొర కమ్ముతాంది. గోడ మీద గా మేకును చూడు."

మీరు చెప్పినట్టల్లా చేస్తానా?

"ఇంట్ల నా బేగమే వింటలేదు, నువ్వేం వింటవు."

నుమాయిష్‌లో ఉల్లిగడ్డ తిన్నాడట.

"తింటె అందరు చప్పట్లు కొడ్తరని వానికి తెలుసు. స్టేజి ఎక్కేటోడు తినేటందుకే ఎక్కుతడు. నువ్వు ఎక్కుతవా?"

ఎక్కనని తల ఊపాను.

"మరి తినవు."

లేవకపోతే?

"నేను మధ్యల చచ్చిపోయినా నువ్వు లేస్తవు. ఆకలైతే ఇంక ముందే లేస్తవు. చెప్పొద్దనుకున్నది చెప్పవు. నచ్చకపోతే కండ్లు తెరిచి బయటికి పో, తలుపు గడియ పెట్టలే."

మొదటిసారి ఏమీ కాలేదు. ఎవరో వచ్చి నన్ను లోపలి నుంచి ఎత్తుకుపోతారని బిగుసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. "నిద్ర రాలేదు, మీకు చేతకాదు" అని రాశాను. ఆయన నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వి, "నిద్ర వస్తే ఇంటికి పోయి పండుకో, నాకెందుకు," అన్నాడు.

తర్వాత తర్వాత తెలిసింది. అది నిద్ర కాదు. బోర్డు మీద పని బాగా నడుస్తున్నప్పుడు పక్కన పిడుగు పడినా వినిపించి, వినిపించనట్టుంటుంది చూడండి, అలాంటిది. అన్నీ తెలుస్తాయి. వరండాలో ఎవరో చీపురుతో ఊడుస్తున్నారు. నా పక్కనే కూర్చున్న అత్త కడియం బల్లకు తగిలింది. కానీ వాటి వైపు తిరగాలనిపించదు. చేతులు బరువెక్కుతాయి, అయినా ఎత్తాలంటే ఎత్తగలను. ఒకసారి ముక్కు దురద పెడితే గోక్కున్నాను కూడా. ఆయన ఏమీ అనలేదు. "ఊపిరి వదిలేటప్పుడు పెదాలు మూసుకుని 'మ్‌' అను, రాకపోతే ఫికర్ లేదు," అనేవాడు. వచ్చేది కాదు. ఫికర్ లేకుండా ఉండటం మాత్రం వచ్చింది. ఆషాఢం నుంచి నా మెడలో బిగిసి ఉన్నదేదో ఆ గదిలో ఉన్నంతసేపు వదులయ్యేది. బయటికి రాగానే ఆ గది మీద బెంగ.

దసరా ఇంకా కొద్ది రోజులుందనగా ఒక పొద్దున అత్త తలంటుకుని, పసుపుచీర కట్టుకుని తయారైంది. ఏమీ తినలేదు. చేతిలో చిన్న మూట. దవాఖాన దగ్గరికి వచ్చేసరికి వరండాలో మా వాడకట్టు ఆడవాళ్లిద్దరు మాకంటే ముందే వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నారు.

మీరెందుకు వచ్చారు అన్నట్టు చేయి తిప్పాను.

"నా ఎర్ర గొర్రె పోయి నెలాయె, బిడ్డా," అంది ఒకామె సిగ్గుపడుతూ. "మీ అత్త అడుగుతదంట కదా, చివరికి మాది గూడ ఒక మాట అడగమన్న."

కోపంతో చెవులు వేడెక్కాయి. అత్త నా వైపు చూడకుండా లోపలికి నడిచింది.

ఆ రోజు డాక్టరు నన్ను బోర్డు ముందు కూర్చున్నట్టు తలచుకోమన్నాడు. తలచుకోవడం నాకు ఎంత సులువో. ఇయర్‌ఫోను బరువు, వేడెక్కిన ఎబొనైటు చెవిడిప్పల వాసన, తీగల్లో సన్నటి హోరు. ఆ హోరు ఒకటే శ్రుతి. "గా చప్పుడుతోని కలువు," అన్నాడు. పెదాలు మూసుకుని కలిశాను. ముక్కులో, పై పళ్లలో ఏదో జుమ్మన్నది. అది నేనే. వణుకుతూ ఉంది, కానీ ఉంది. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయని తెలుసు, తుడుచుకోవాలనిపించలేదు.

అప్పుడు నుదుటి మీద తడి తగిలింది. పసుపు వాసన. వేపాకు వాసన.

"పలికినవా తల్లీ," అంటోంది అత్త. బల్ల మీంచి దిగి నా ముందు నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. "ఎవలు నువ్వు? ఎల్లమ్మవా? ఏం తప్పు జరిగినా నామీద పెట్టుకో. ఒక్కటే అడుగుత. నా కొడుకు ఏడున్నడు? ఉన్నడా?"

"అమ్మా, ఆగు," అన్నాడు డాక్టరు. ఆమె ఆగలేదు.

"ఉన్నడని చెప్పు. ఇంకేమొద్దు. ఏడున్నడో గూడ చెప్పకు. ఉన్నడని ఒక్క మాట."

నాయిన చెప్పింది నిజమైతే, నా తెలివి నా దగ్గర లేకుండా ఉండాలి. నా జన్మలో అంత తెలివితో నేను ఎప్పుడూ లేను. అత్త ఇన్నాళ్లూ ఈ బల్ల మీద ఎందుకు కూర్చుందో ఒక్కసారి తెలిసింది. నాయిన మాట ఎందుకు కాదన్నదో తెలిసింది. నా గొంతు కోసం కూడా వచ్చింది. ఎక్కువ కొడుకు కోసం వచ్చింది. ముక్కులో జుమ్మంటున్న ఆ చప్పుడును ఏ మాటవైపు తిప్పితే ఆ మాట అవుతుందని నాకు తెలుసు. "ఉన్నడు" అనవచ్చు. మూడక్షరాలు. ఆమె ఆ మూడక్షరాలు కొంగున ముడేసుకుని ఏళ్లు బతుకుతుంది. నాకూ ఎవరైనా ఆ మాట చెబితే బాగుండునని ఉంది. గడపలో చెప్పులు లేకపోవడం చూసిన రోజు నుంచీ ఉంది. అందుకే అనలేకపోయాను. ఉత్తమాట ఎంత ఉత్తదో వినే ఇద్దరిలో ఒకరికి, నాకు, తెలిసిపోతుంది.

"నాకు తెల్వదత్తా," అన్నాను.

గొంతు. బొంగురుగా, మధ్యలో విరిగి, మళ్లీ అతుక్కుని. గొంతే.

కళ్లు తెరిచాను. డాక్టరు కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు. అత్త నా మొహం వైపు కాదు, నోటి వైపు చూస్తోంది. చాలాసేపు చూసింది.

"గిది మా పోరి గొంతే," అంది మెల్లగా, డాక్టరుతో.

"అవునమ్మా. అదే కదా మనకు కావాల్సింది."

అత్త లేచింది. వేపాకులు, నిమ్మకాయ మూటలో కట్టుకుంది. కొంగుతో నా నుదుటి పసుపు తుడిచింది, కొంచెం గట్టిగానే. తలుపు తీసి వరండాలో ఉన్నవాళ్లతో అంది:

"పోండ్రి. ఎల్లమ్మ రాలే. మా పోరికి గొంతొచ్చింది."

దసరా వెనక

గొంతు వచ్చిందంటే వచ్చి కూర్చోలేదు. సాయంత్రానికి మళ్లీ గుసగుస. మళ్లీ గదికి పోవాలి, మళ్లీ హోరుతో కలవాలి. ఒకసారి చిటికేస్తే రోగం పోతుందనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. నేర్చుకున్నది మరిచిపోయిన చేతికి పని మళ్లీ నేర్పినట్టు నేర్పాడాయన. ఇంట్లో నాకు నేనే చేసుకునేది కూడా చూపించాడు. మా వాడకట్టులో ఒకాయన నా సంగతి విని తన క్షయకు హిప్నాటిజం చేయించుకుంటానని వస్తే, రహమాన్ డాక్టరు కేకలేసి మందులు రాసి పంపించాడు. ముందు గొంతులోకి అద్దం దించి చూపించుకోకుండా ఎవరూ నా దారిన రావద్దు. నాకు ఏమీ లేదని తేలాకే ఆయన నాకు వైద్యం మొదలుపెట్టాడు.

గొంతు ఎందుకు పోయిందని అందరూ అడుగుతారు. లోపల ఏదో రహస్యం దొరికి ఉంటుందని ఆశ. నేనూ ఆయన్ను అడిగాను. "జ్వరంలో దడుసుకుందో, దుఃఖంలో దాక్కుందో. దొరికితే మంచిదే. దొరకకపోయినా అన్నం తింటున్నవు గద," అన్నాడు. నాకు అనిపించేది నాకు ఉంది. ఖాయమని చెప్పలేను.

అత్త నాతో మాట్లాడటం తగ్గించింది. నాకు మాట వస్తున్న కొద్దీ ఆమెకు పోతున్నట్టుండేది. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది. ఒక పొద్దున జొన్నపిండి విసురుతూ, నాతో కాదు, తిరగలితో అన్నట్టు అంది:

"ఒక్క అబద్ధం చెప్తే ఏంబోయిండె. అంత డాక్టరు ముంగట పలికిన నోటికి ఒక్క అబద్ధం రాకపాయె."

నాలుగు నెలల కోపం ఒక్కసారి లేచింది.

"తెలిస్తే నీకు చెప్పకపోదునా?" అని అరిచాను. "నీకొక్కదానికేనా ఎదురుచూసుడు? నేను చూస్తలేనా? ఆయన పోయేటప్పుడు నాకొక్క మాట చెప్పిపోయిండా? నేను ఎవరిని అడగాలె? ఏ ఎల్లమ్మను అడగాలె?"

అరిచాక తెలిసింది, అరిచానని. గోడ అవతల పొరుగింటి కోళ్లు చెదిరాయి.

తిరగలి ఆగింది. అత్త తలెత్తి నన్ను చూసింది. నేను ఏం చెప్పానో ఆమె విన్నది. ఇన్నాళ్లూ నేను చెప్పనిది, నిద్రలో కాదు, పట్టపగలు, పూర్తి తెలివిలో చెప్పింది. ఏ హిప్నాటిజమూ దాన్ని బయటికి తీయలేదు, కోపం తీసింది.

"గొంతు మంచిగనే వచ్చింది," అంది అత్త. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని నా పక్కకు వచ్చి కూర్చుంది. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. మాట్లాడగలిగి ఊరుకోవడం ఎంత వేరుగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు, ఎండాకాలం

దీపావళికి రెండు రోజుల ముందు డ్యూటీలో చేరాను. గొంతు మునుపటంత సన్నగా లేదు, కింద కొంచెం జీర ఉంది. జడ్చర్ల వ్యాపారి "కొత్తామెవా?" అని అడిగాడు. "పాతదాన్నే, నంబరు చెప్పండి," అన్నాను. సూపర్‌వైజర్ గారు వెనక నుంచి, "కోపం కూడా పాతదే," అన్నారు.

సుగుణకు అంతా చెప్పాను. సాగర్ కట్ట వాళ్లది నల్లగొండ జిల్లానే కదా. అక్కడి ఆఫీసుకు లైను కలిపినప్పుడల్లా ఆమె పని అయ్యాక ఒక్క క్షణం ఆపి అడుగుతోంది: పాలమూరు జిల్లా, యాదయ్య, గొర్లకాపరి, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. వాళ్లు ఎవరినో అడుగుతారు, వాళ్లు ఇంకెవరినో. కర్నూలు ఆపరేటరు తుంగభద్ర వైపు అడుగుతోంది. అవి డ్యూటీ లైన్లు, మా సొంతానికి వాడకూడదు. మా సూపర్‌వైజర్ గారికి ఆ సమయంలోనే బయట చాయ్ తాగాలనిపిస్తుంది.

నేను పిలిచిన ఊళ్లలో ఏదో ఒకచోట అతను ఇటుక మీద ఇటుక పెడుతూ ఉండి ఉంటాడనుకుంటాను. ఒకసారి లైన్లో ఎవరో దూరంగా నవ్వితే చేతిలో తీగ జారిపోయింది. అతను కాదు. కాదని ముందే తెలుసు. అయినా తీగ జారింది.

ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీద ఉంటుంది. ఏమీ అడగదు. నా నోటి వైపు చూస్తుంది, దవాఖానలో చూసినట్టే.

"ఇయ్యాల తెల్వలే, అత్తా," అంటాను.

ఆమె తల ఊపి, జరిగి, పక్కన నాకు జాగా ఇస్తుంది.